పూత లేచింది

కరోనా వచ్చిన ఏడాదికి ముందటేడు జూన్‌లో నన్ను విజయనగరంలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో గ్రహణం మొర్రి విభాగానికి దంతవైద్య బాధ్యురాలిగా వేశారు. హోదా పేరు సీనియర్ కన్సల్టెంట్, ఆర్థోడాంటిక్స్. అంటే వంకర పళ్ళను తీగలతో లాగి వరసలో పెట్టే డాక్టరు. పదవీ విరమణకు అప్పటికి మూడేళ్ళుంది. నా కింద ఇద్దరు జూనియర్ డాక్టర్లు, ఒక టెక్నీషియన్, సత్యవతి అనే క్లినికల్ అసిస్టెంటు ఉండేవారు. సత్యవతిది ఎచ్చెర్ల. రోగుల కార్డులు, అపాయింట్‌మెంట్లు, ఫోన్లు ఆవిడ చూసేది. చేతిరాత ముచ్చటగా ఉండేది, అక్షరదోషం అన్నది కనపడేది కాదు. నాకు కోపం ఎక్కువని ఆసుపత్రి అంతా అనుకునేవారు. ఆ మాట నిజమే.

పళ్ళకు వేసే తీగ తుప్పు పట్టదని చాలామంది అనుకుంటారు. తీగలమ్మే కంపెనీ ఏజెంట్లు ప్రమాణం చేసి మరీ చెబుతారు. వాళ్ళతో నేను ముప్పై ఏళ్ళు పోట్లాడాను. మా నాన్నది గజపతినగరంలో గిన్నెల కొట్టు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే ఏమవుతుందో నాకు పలక పట్టకముందే తెలుసు. నోరు ఆ గిన్నె కంటే మొండి చోటు. రోజంతా తడి, మధ్యమధ్య పులుపు, ఉప్పు, వేడి టీ, ఆపైన నమలడం. ఏ లోహమైనా అక్కడ ఊరికే కూర్చోదు.

మేం ఎక్కువగా వాడేది నికెల్, టైటానియం కలిపిన తీగ. వంచితే మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది, అలా వస్తూ పన్నును మెల్లగా తనతో తెచ్చుకుంటుంది. దాని ఒంటి మీద కంటికి కనిపించని సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. తీగను కాపాడేది ఆ పొరే. ఉప్పులోని క్లోరైడు, ఘాటైన ఫ్లోరైడు జెల్లు, విడవకుండా తగిలే పులుపు ఆ పొరను తినేస్తాయి. అప్పుడు తీగకు సూదిమొన లాంటి గుంటలు పడి, అందులోంచి నికెల్ ఉమ్మిలో కలుస్తుంది. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. కొందరి ఒంటికి మాత్రం నికెల్ పడదు. నోరంతా ఎర్రబడి, పుండ్లు లేచి, చిగుళ్ళు ఉబ్బుతాయి. అందుకని మా విభాగంలో నేను కొన్ని కట్టడులు పెట్టాను. ఒకరి నోట్లోంచి తీసిన తీగ ఇంకొకరికి వేయకూడదు. గడువు దాటిన తీగ పనిచేస్తున్నా మార్చాలి. తీగకు గీతలు పడేలా పటకారుతో పట్టకూడదు. ఎవరైనా తప్పితే ఆ పూట వాళ్ళకు మూడినట్టే.

ఆ సంవత్సరం మాకు పూత తీగలు వచ్చాయి. లోహం మీద పంటి రంగులో ప్లాస్టిక్ లాంటి పొర పూసి అమ్ముతారు. చూపుకు బాగుంటుంది, పైగా తుప్పు పట్టదని అట్ట మీద రాసి ఉంటుంది. అందులో సగమే నిజం. పూత చెక్కుచెదరనంతకాలం తీగ భద్రం. నమిలేటప్పుడు ఎక్కడైనా చిన్న చీలిక వచ్చిందంటే, ఆ చీలికలో ఉమ్మి నిలవ ఉండి, గాలి ఆడక, లోహాన్ని ఉత్త తీగ కంటే వేగంగా తింటుంది. ఇది నాకు తెలుసు. తెలిసీ కెజియాకు ఆ తీగే వేశాను.

కెజియాకు అప్పుడు పదిహేనేళ్ళు. రామతీర్థం దగ్గర పల్లె. తండ్రి జూట్ మిల్లులో బేళ్ళు మోసే కూలీ, తల్లి సంతోషమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. బాప్టిస్టు సంఘం కుటుంబం. పుట్టుకతో వచ్చిన మొర్రికి పెదవి కుట్టు చిన్నప్పుడే పడింది కానీ, పైచిగురులో చీలిక అలాగే ఉండిపోయింది. ఆ చీలిక వెంట నోటికీ ముక్కుకీ మధ్య చిన్న రంధ్రం. నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. అందుకని ఆ పిల్ల బడిలో నీళ్ళు తాగేది కాదు. పొద్దున ఇంట్లో తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళాకే. ఎండాకాలం రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందని తల్లి చెప్పింది.

ఇలాంటి చీలికకు వైద్యం ఏమిటంటే, ముందు మేం తీగలతో పైదవడను వెడల్పు చేస్తాం. తరవాత శస్త్రచికిత్స నిపుణులు తుంటి ఎముకలోంచి కొంత తీసి చీలికలో నింపి, పైన చిగురు కప్పి కుట్టేస్తారు. అది అతుక్కున్నాక పక్క పన్నును ఆ కొత్త ఎముకలోకి మేం లాగాలి. పన్ను దిగితే ఎముక నిలుస్తుంది, లేకపోతే కరిగిపోతుంది. మామూలుగా పది పన్నెండేళ్ళకు చేసే పని ఇది. కెజియా ఆలస్యంగా వచ్చింది. ఒక్కసారికే అవకాశం ఉందని, రెండోసారి చేసినా నిలుస్తుందని చెప్పలేమని విశాఖపట్నం సర్జన్ రాసిచ్చారు. డిసెంబరులో ఎముక పెట్టారు. జనవరిలో చూస్తే చిగురు చక్కగా మూసుకుంది. ఆ రోజు మా ఓపీలో అందరి ముందూ గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, చేత్తో ముక్కు తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. సంతోషమ్మ నా చేయి పట్టుకుని ఊపేసింది.

ఫిబ్రవరిలో పన్ను లాగడానికి తీగ వేశాను. ఉత్త తీగ వేస్తే చర్చిలో వాక్యం చదివేటప్పుడు అందరూ నోరే చూస్తారని కెజియా బాధపడింది. పూత తీగ ఉంది కదా అని అదే వేశాను. నెలనెలా వస్తుంది, చీలిక పడితే మారుద్దామనుకున్నాను. కార్డులో అలర్జీ అన్న గడి ఉంటుంది. ఏమైనా పడదా అని అడిగితే లేదండి అంది తల్లి. గడిలో లేదు అని రాశాం. మామూలుగా నికెల్ పడనివాళ్ళను గిల్టు కమ్మలు పట్టిస్తాయి, చెవులు పుండ్లు పడతాయి. వీళ్ళ సంఘంలో నగలు పెట్టుకోరు. ఆ పిల్ల చెవులే కుట్టలేదు. వాచీ గొలుసు పెడితే మణికట్టు దురద పుట్టి ఎర్రబడేదన్న సంగతి తరవాతెప్పుడో బయటికి వచ్చింది. అది చెమటపొక్కులని వాళ్ళనుకున్నారు.

మార్చి చివర లాక్‌డౌన్ పెట్టారు. పంటి వైద్యంలో నోటి తుంపరలు లేస్తాయి కనుక మా ఓపీ మొత్తం మూసేయమన్నారు. అత్యవసరమైనవాళ్ళనే చూడాలి. ఎవరు అత్యవసరమో తేల్చే పట్టిక నేనే తయారు చేశాను. ముఖం వాపు, ఆగని రక్తం, జ్వరం, నోటి పుండ్ల వల్ల తిండి ఆగిపోవడం: ఇవి ఎర్ర వరస. ఎర్ర వరసలో పేరు పడితే ఆసుపత్రి నుంచి పోలీసులకు కబురు వెళ్ళి, పాసు వచ్చి, రెండు రోజుల్లో రోగి మా ముందు ఉండేవారు. తీగ ఊడటం, గుచ్చుకోవడం, పూత లేవడం ఆకుపచ్చ వరస. వాటికి ఫోన్లోనే జవాబు. సత్యవతి ఫోన్లు తీసుకుని రిజిస్టరులో ఒక్కో లైను రాసేది. నేను సాయంత్రం కూర్చుని ఎదురుగా జవాబు రాసేదాన్ని. మర్నాడు ఆవిడ దాన్ని ఫోన్లో చదివి వినిపించేది. పూత తీగలు వేసుకున్నవాళ్ళు చాలామంది ఉండటంతో, ఆ రోజుల్లో పూత లేచిపోయిందన్న ఫోన్లు కుప్పలుగా వచ్చేవి.

ఏప్రిల్ రెండో వారంలో రిజిస్టరులో ఈ లైను ఉంది: కెజియా, రామతీర్థం దగ్గర. పూత లేచింది. నా జవాబు: సాధారణమే, కంగారు వద్దు. తీగ మీద చెయ్యి పెట్టవద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించాలి. ఆసుపత్రి తెరిచాక మారుస్తాం.

పది రోజుల తరవాత ఇంకో లైను: పూత ఎక్కువైంది. నా జవాబు: ముందు చెప్పినదే పాటించాలి.

మే మొదట్లో మూడోది: పూత ఇంకా ఉంది. నమలడం కష్టంగా ఉంది. పూత లేచిన చోట అంచు గరుకై బుగ్గకు గీసుకుంటోంది కాబోలు అనుకున్నాను. అలాంటప్పుడు మైనం ముద్ద అద్దమంటాం. అదే రాశాను. మేమిచ్చే మైనం దొరకకపోతే శుభ్రమైన కొవ్వొత్తి మైనమైనా ఫర్వాలేదని కూడా రాశాను. ఆ తరవాత ఆ ఇంటి నుంచి ఫోను రాలేదు.

జూన్ మధ్యలో ఓపీ తెరిచిన మొదటి వారంలోనే వచ్చారు. పిల్ల మాస్కు తీయగానే వాసన కొట్టింది. మనిషి సగమైపోయింది. పెదవుల మూలలు పగిలి రక్తపు చారలు కట్టాయి. బుగ్గల లోపల, నాలుక అంచున తెల్లటి పుండ్లు. పైచిగుళ్ళు ఎర్రగా ఉబ్బి తీగను సగం మింగేశాయి. ఎముక పెట్టిన చోట కుట్టు విడిపోయి చీము కారుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తల్లిని పట్టుకుని అరిచాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఇంట్లో ఎలా కూర్చున్నావమ్మా, ఫోను ఉందిగా, చెప్పడానికేం అన్నాను. ఓపీలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

సంతోషమ్మ ఎదురు మాట అనే మనిషి కాదు. "సెప్పినామమ్మా," అంది. "మూడుమార్లు సెప్పినాం. నోట్లో పూత లేసినాదని సెప్పినాం. మీరేటి సెప్తే అదే సేసినాం. ఉప్పునీళ్ళు రోజుకి ఆరుమార్లు పోయించినాను. ఏడిసీది, అయినా పోయించినాను. మైనం రాయమన్నారు, అదీ రాసినాను."

నేను సత్యవతి వైపు చూశాను. ఆవిడ రిజిస్టరు తెచ్చి విప్పింది. మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఈ ప్రాంతం కాని పాఠకుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. నోట్లో పుండ్లు లేవడాన్ని ఇక్కడివాళ్ళు పూత అంటారు. నోరు పూసినాది అంటారు, పూత లేసినాది అంటారు. ఆవిడ ఫోన్లో చెప్పింది అదే. సత్యవతి దాన్ని చదువుకున్నవాళ్ళ తెలుగులోకి దిద్ది పూత లేచింది అని రాసింది. నోట్లో అన్న మాట అనవసరమని వదిలేసింది, పళ్ళ ఆసుపత్రికి వచ్చే ఫోన్లు నోటి గురించే కదా. అప్పటికి ఆవిడ పొద్దుటినుంచీ పూత తీగల ఫోన్లు పది రాసి ఉంది. ఆవిడను అనడానికి నాకు నోరు రాలేదు. నేను ఎక్కడి మనిషిని? మా అమ్మ ఈ మాటే అనేది. మాకు నోరు పూస్తే పాలమీగడ రాసేది. దంత కళాశాల హాస్టల్లో నేను ఏమిటి అనడానికి ఏటి అన్నప్పుడల్లా పక్క జిల్లాల పిల్లలు పడి పడి నవ్వేవారు. ఏడాది తిరిగేసరికి నా నోట్లోంచి మా ఊరి మాటను మొత్తం గీకి పారేశాను. అలా పారేసిన మాటల్లో ఇదొకటి. నలభై ఏళ్ళ తరవాత అదే మాట మూడుసార్లు నా ముందుకొచ్చింది. నేను తీగ మీది ప్లాస్టిక్ గురించి ఆలోచించాను.

ఇంకో సంగతి కూడా దాచను. నేను అర్థం చేసుకున్నట్టే అది తీగ పూత అయినా నా జవాబు తప్పే. పూత చీలిన తీగకు ఉప్పునీళ్ళు తగిలితే తుప్పు ఇంకా వేగంగా పడుతుందని జూనియర్లకు పాఠం చెప్పేదాన్ని నేనే. ఉప్పునీళ్ళన్నది మా వృత్తిలో నోటికి అలవాటైపోయిన జవాబు. పంటినొప్పికీ అదే, చిగురు వాపుకీ అదే. ఆలోచించకుండా రాసేశాను. రోజుకు మూడుసార్లని కూడా రాయలేదు. తల్లి ఆరు చేసింది.

ఆ పూటే తీగ తీశాను. పటకారు పెట్టగానే మూడు ముక్కలైంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే పూత పాముకుబుసంలా లేచిపోయి ఉంది, కింద లోహం నిండా నల్లటి గుంటలు. చర్మ వైద్యుల చేత వీపు మీద పట్టీ పరీక్ష చేయించాం. నికెల్ అంటించిన చోట బొబ్బలెక్కింది. తీగ పోగానే పుండ్లు మానడం మొదలుపెట్టాయి. రెండు వారాల్లో పిల్ల అన్నం తింది. ఎముక మాత్రం అప్పటికే చేయి దాటిపోయింది. విశాఖపట్నం పంపితే సర్జన్ చీలిక శుభ్రం చేస్తూ వదులుగా ఉన్న ఎముక ముక్కలన్నీ తీసేయాల్సి వచ్చింది. మేడమ్, మిగల్చడానికి ఏమీ లేదు అని ఫోన్లో చెప్పారు. ఏప్రిల్‌లో పంపి ఉంటే అని నేను అడగబోయాను. అడగలేదు. ఆయనకూ నాకూ జవాబు తెలుసు.

ఎముక పోవడానికి నికెల్ ఒక్కటే కారణమని ఏ వైద్యులూ రూఢిగా చెప్పలేరు. పుండ్ల బాధకు బ్రష్షు పెట్టలేకపోయింది, తిండి తగ్గింది, చిగురు ఉబ్బి కుట్టు విడింది, చీము పట్టింది. ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఎక్కడ ఆపినా ఆగేది. ఆపాల్సిన చోట నేను కూర్చుని ఉన్నాను.

ఘటన నివేదిక నేనే రాసి మెడికల్ డైరెక్టరుకు ఇచ్చాను. ఆయన మంచివారు. చదివి, లాక్‌డౌన్‌లో ఎవరు మాత్రం ఏం చేయగలరు, అలర్జీ ముందే తెలియదు కదా, మీ మీద మీరే ఎందుకు వేసుకుంటారు అన్నారు. నివేదిక ఫైల్లోకి వెళ్ళింది. నాకు మెమో కూడా రాలేదు. వచ్చి ఉంటే కొంత ఊపిరి ఆడేదేమో.

రెండోసారి ఎముక పెట్టించుకోమని నేను రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి అడిగాను. రెండోసారి తండ్రి ఉన్నాడు. కుర్చీ వేసి, టీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పాడు. "మళ్ళీ తుంటి కోయనివ్వమమ్మా. నిలస్తాదని మీరు రాసిస్తారా? ఇవ్వలేరు కదా. మరింకేటి సేత్తాం, ఒగ్గీయండి." నేను రాసివ్వలేను. వదిలేయమన్నాక టీ తాగి వచ్చేశాను.

తరవాత మా విభాగంలో మార్పులు చేశాం. నికెల్ లేని టైటానియం తీగలు తెప్పించాం, అనుమానం ఉన్నవాళ్ళకు అవే వేసేవాళ్ళం. పూత తీగలు ఆపేశాను. అలర్జీ ఉందా అన్న ప్రశ్న తీసేసి, గిల్టు నగ, వాచీ గొలుసు, బెల్టు కొక్కెం తగిలిన చోట ఎప్పుడైనా దురద పెట్టిందా అని ఒక్కొక్కటీ అడగమన్నాను. ఫోన్లో రోగి ఏ మాట అంటే ఆ మాట అలాగే, ఏ యాస అయితే ఆ యాసలో రాయమన్నాను. సత్యవతి నిష్ఠగా రాసేది. ఇవన్నీ మంచి పద్ధతులే. వీటివల్ల ఎందరికి మేలు జరిగిందో నాకు తెలియదు. కెజియాకు జరగలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో పళ్ళకు అంటించిన బిళ్ళలు పూర్తిగా తీయించుకోవడానికి కెజియా ఒక్కతే వచ్చింది. అప్పటికి ఇంటర్ చదువుతోంది. పని అయ్యాక నోరు కడుక్కోమని గ్లాసు ఇచ్చాం. గోడవైపు తిరిగి, ముక్కు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని కడుక్కుంది. నాకు చూడటం చేతకాలేదు. మే నెలలో అంత బాధ పడుతూ నాలుగోసారి ఎందుకు ఫోను చేయించలేదే తల్లీ అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అమ్మ సేస్తానంది," అంది ముఖం తుడుచుకుంటూ. "నానే వద్దన్నాను. రెండోమారు ముందు సెప్పిందే అనీసారు కదమ్మా. మళ్ళీ మళ్ళీ సేస్తే మీకు ఇసుగొస్తాది, ఆస్పత్రి తెరిసినాక సూడరేమో అని బయపడ్డాను." కోపమేమీ లేదు ఆ గొంతులో. సంగతి చెప్పింది, అంతే. బస్సు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పాత రిజిస్టరు తీయించాను. ఫోను జవాబుల పద్ధతిలో చివరి గడి ఒకటి ఉంటుంది. మూడు వారాల పాటు రోగి నుంచి మళ్ళీ ఫోను రాకపోతే ఆ గడి నింపి లైను మూసేయాలి. అదీ నేను పెట్టిన పద్ధతే. లోహం ఎందుకు పాడవుతుందో, ఎలా కాపాడాలో ఈ వృత్తి నాకు బాగానే నేర్పింది. రోగి మాట్లాడటం మానేస్తే దానికి అర్థమేమిటో నేర్పలేదు. అది నేను నేర్చుకునేసరికి నేర్పిన మనిషికి ఉపయోగం లేకుండా పోయింది. కెజియా పేరు ఎదురుగా, మే నెల చివరి తేదీన, సమస్య తీరింది అని ఉంది. కింద సంతకం నాదే.